నూటికి నెలకి ఎంత: రెండు ఇళ్ళ లెక్కల డైరీ

జనవరి, కనుమ వెళ్ళాక

ప్రాజెక్టు చిన్నదే. రెండు నమూనా ఇళ్ళు తీసుకుని, ఏడాది పాటు వాటి రాబడి, ఖర్చు, అప్పు అన్నీ ఒకే పుస్తకంలో రాసి, డబ్బు ఎక్కడ కారిపోతోందో పట్టుకోవడం. మొదటి ఇల్లు పలాస-కాశీబుగ్గలో. ఆయనది ఆటో, ఆవిడ జీడి మిల్లులో పని, ఇద్దరు పిల్లలు, సొంత ఇల్లు. ఆటో ఖర్చులు పోను ఇద్దరిదీ కలిపి నెలకి సగటున 25,000. రెండో ఇల్లు శ్రీకాకుళం టౌన్లో. జీతం 45,000, ఒక పాప, అద్దె ఇల్లు. లెక్కకి వీలుగా అంకెలు గుండ్రం చేశాం.

రెండిళ్ళలోనూ మాట ఒకటే: "డబ్బులు ఏటైపోతన్నాయో తెలీట్లేదు." ఆ వెంటనే తప్పు మోసేది టీ కొట్టు, పిల్లల చాక్లెట్లు, ఆవిడ కొన్న చీర. పుస్తకం నిండాక చూస్తే అసలు చిల్లు అక్కడ కాదని తేలుతుంది. చిల్లర మీద పోట్లాడుకునే ఇళ్ళలోనే పెద్ద పద్దులు ఎవరూ అడగకుండా పోతుంటాయి.

సామాన్లు: 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, దారం కట్టిన పెన్ను, మూత ఉన్న మూడు డబ్బాలు, గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో దింపుకున్న లావాదేవీల చిట్టా. యాప్ పెట్టలేదు. ఒకరి ఫోన్లో ఉన్న లెక్క రెండోవాళ్ళకి కనబడదు, కనబడని లెక్క మీద నమ్మకం కుదరదు.

గళ్ళు ఐదే: తేదీ, ఎవరికి, ఎందుకు, ఎంత, చేతి డబ్బో ఫోనో. పుస్తకం పొయ్యి గట్టు పక్కనే ఉండాలి. బీరువాలో పెడితే పది రోజుల్లో ఆగిపోతుంది. ఆగిపోవడానికి ఇంకో కారణం, ప్రతి ఐదు రూపాయలూ రాయాలన్న పంతం. 50 రూపాయల లోపు ఖర్చులన్నీ రాత్రికి ఒకే వరసలో "చిల్లర" అని వేసెయ్యాలి. ఎంత వెయ్యాలో తెలియాలంటే పొద్దున పర్సులో ఉన్నది, ఆ రోజు వచ్చింది కలిపి, రాత్రి మిగిలింది తీసేసి, పెద్ద పద్దులు కూడా తీసెయ్యాలి. మిగిలినదే చిల్లర. వారానికి ఒక వంద తేడా వస్తే దాని వెనకాల పడక్కర్లేదు.

అసలు పని ఆఖరి పేజీలో ఉంది. అక్కడ అప్పులూ పొదుపులూ అన్నీ ఒకే కొలతలో రాయాలి: నూటికి నెలకి ఎన్ని రూపాయలు. బ్యాంకు "9 శాతం" అంటుంది, వీధిలో "మూడు రూపాయల వడ్డీ" అంటారు, షోరూములో "నెలకి 3,100 కడితే చాలు" అంటారు. మూడూ మూడు భాషలు కాబట్టి, తొమ్మిది కన్నా మూడు తక్కువ అనుకునే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. బ్యాంకు శాతాన్ని 12తో భాగిస్తే మన భాష వస్తుంది. 9 శాతం అంటే ముప్పావలా వడ్డీ. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం.

జనవరి ఆఖరు: పలాస ఇంటి ఆఖరి పేజీ

రాసిన వరస:

డైలీ ఫైనాన్స్, 10,000, రోజుకి 100.
తెలిసినాయన దగ్గర ప్రోనోటు మీద 40,000, మూడు రూపాయల వడ్డీ, నెలకి 1,200.
లక్ష చీటీ, మూడో నెలలో పాడుకున్నది, నెలకి సగటున 4,300.
సెకండ్‌హ్యాండ్ ఆటో లోను 60,000, నెలకి 3,100.
బ్యాంకులో బంగారం మీద 60,000, ముప్పావలా వడ్డీ.
డ్వాక్రా గ్రూపు లోను, నెలకి 2,500.

బంగారం వడ్డీ ఏడాదికోసారి కాబట్టి అది వదిలేసినా, నెలకి 14,100 కంతులకే. మిగిలిన 10,900తో నలుగురు బతుకుతున్నారు. ఇక్కడ చీరనీ చాక్లెట్‌నీ అనడం అన్యాయం.

ఒక్కోదాని అసలు వడ్డీ తీద్దాం.

డైలీ ఫైనాన్స్: 10,000 అని రాసుకుని ముందే 1,000 కోసుకుంటారు. చేతికి 9,000. రోజుకి 100 చొప్పున వంద రోజులు. "వెయ్యే కదా, పదికి ఒకటి" అనిపిస్తుంది. కానీ 9,000 వంద రోజులూ మన దగ్గర ఉండటం లేదు, రోజూ తరుగుతోంది. సగటున సగం డబ్బే వాడుకుంటున్నాం, అదీ మూడు నెలల చిల్లరే. సరిగ్గా లెక్క కడితే ఏడాదికి దాదాపు 77 శాతం, అంటే నూటికి నెలకి 6 రూపాయల 40 పైసలు. ఇంకో మెలిక ఉంది. డెబ్బయ్యో రోజున వసూలు కుర్రాడు, "ఉన్న మూడువేలు సర్దేసుకుని కొత్తది ఇచ్చేత్తాం అక్కా" అంటాడు. కొత్త పదివేలలో పాత బాకీ 3,000, ముందు కోత 1,000 పోను చేతికొచ్చేది 6,000. ఆ 3,000లో ఇంకా రాని ముప్పై రోజుల వడ్డీ కూడా ఉంది, అదీ కట్టేసినట్టే. ఇలా తిరగేసిన ప్రతిసారీ రేటు ఇంకా పెరుగుతుంది.

ఆటో లోను: "రూపాయి వడ్డీయే" అని ఇచ్చారు. 60,000కి నెలకి 600, రెండేళ్ళకి 14,400, మొత్తం 74,400, భాగారం 24, కంతు 3,100. దీన్ని ఫ్లాట్ వడ్డీ అంటారు. అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి 60,000 మీదే నడుస్తుంది. ఆఖరి కంతు దగ్గరికొచ్చి చూడండి: బాకీ ఉన్న అసలు 2,500, దాని మీద ఆ నెల వడ్డీ 600. ఆ నెలకి నూటికి 24 రూపాయలు పడ్డట్టు. మొత్తం మీద సగటు తీస్తే రూపాయి 80 పైసలు, ఏడాదికి 21.6 శాతం. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ లోనుకి ముందు కేఎఫ్‌ఎస్ అనే కాగితం తప్పనిసరిగా ఇవ్వాలి, మనకి అర్థమయ్యే భాషలో. అందులో ఏపీఆర్ అనే గడి చూడాలి. ఫీజులతో సహా అసలు రేటు అక్కడే ఉంటుంది. సంతకాలు పెట్టించేటప్పుడు ఆ పేజీని టకటకా తిప్పేస్తారు. అక్కడ చెయ్యి అడ్డం పెట్టాలి.

చీటీ: ఇరవై మంది, నెలకి 5,000. మూడో నెల పాటలో 30,000 వదులుకుని 70,000 తీసుకున్నారు. అప్పటికి కట్టింది 11,000. తన 11,000 తనకే వచ్చిందనుకుంటే అప్పుగా వచ్చింది 59,000. తర్వాత 17 నెలలు సగటున 4,300. వడ్డీ నూటికి రెండున్నర. "చీటీ అప్పు కాదు, పొదుపు" అన్న మాట ఆఖర్న తీసుకునేవాళ్ళకే చెల్లుతుంది. ముందు పాడినవాడికి అది అప్పే, ఆఖరివాడికి వడ్డీ ఇస్తున్నది ఈయనే. ఆఖరివాడికి వచ్చే లాభం బాగానే ఉంటుంది కానీ, ఆ లాభం మధ్యలో ఎవరూ చేతులెత్తెయ్యకపోతేనే. చీటీలకి 1982 నాటి చట్టం ఉంది, రిజిస్టరైన చీటీకి మాత్రమే దాని అండ. వీధి చీటీకి నిర్వాహకురాలి మంచితనమే హామీ.

ఫిబ్రవరి: ఏది ముందు తీర్చాలి

ఇక్కడ ఒక విచిత్రం బయటపడింది. చేతిలో డబ్బు పడితే ముందు ఏం చేస్తారంటే, బంగారం విడిపిస్తాం అన్నారు. మెళ్ళో పుస్తెల తాడు తప్ప ఏమీ లేదు, శుభకార్యానికి వెళ్తే నలుగురూ చూస్తారు. ప్రోనోటు మాత్రం "ఆయన మనవాడే, తొందరేం లేదు" అని మూడేళ్ళుగా అలాగే ఉంది. అప్పులకి వరస పెడుతున్నది పరువు. వడ్డీని ఎవరూ సంప్రదించలేదు.

లెక్క వేద్దాం. 60,000 బంగారం అప్పు తీరిస్తే ఏడాదికి మిగిలేది 5,400. 40,000 ప్రోనోటు తీరిస్తే మిగిలేది 14,400. చిన్న అప్పు తీరిస్తే దాదాపు మూడు రెట్లు లాభం. అందుకని తిరగేసి చేశాం: ఇంట్లో మిగిలిన జత గాజులు కూడా బ్యాంకులో పెట్టి 40,000 తెచ్చి ప్రోనోటు తీర్చడం. నెలకి 1,200 పోయేచోట 300 పోతుంది, 900 మిగులుతుంది. బంగారం ఇంకా పెట్టాలంటే ఇంట్లో ఏడుపు మొహాలే. అయినా అంకె ముందు పెట్టి మాట్లాడితే ఒప్పుకుంటారు.

ఈ మార్పిడిలో చెడేవి మూడు. ఒకటి, డబ్బు కట్టి నోటు వెనక్కి తీసుకోకపోవడం. "ఎక్కడో పెట్టాను, దొరికాక ఇస్తాలే" అంటే ఆ రోజు డబ్బు ఇవ్వకూడదు. నోటు చేతికి తీసుకుని సంతకం మీద అడ్డంగా గీత కొట్టాలి. రెండు, బాకీ తీరిన ఆయన దగ్గరే మళ్ళీ చేబదులు తేవడం. మూడు, బంగారం లోనుకి గడువు ఉంటుంది, మామూలుగా ఏడాది. ఆ తేదీ క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో రాయాలి. బ్యాంకు నుంచి నోటీసు వచ్చాక పరిగెడితే అప్పటికి అపరాధ వడ్డీ కూడా ఎక్కి ఉంటుంది.

ప్రోనోటు ఉన్నన్నాళ్ళూ పాటించాల్సింది ఇంకొకటి: కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోవాలి, తేదీతో. నోటుకి కాలదోషం మూడేళ్ళు కాబట్టి, ఆ లోపు "తిరగరాద్దాం" అంటారు. వడ్డీ కట్టకుండా ఉంటే మూడేళ్ళలో 40,000 మీద 43,200 వడ్డీ, కొత్త నోటు 83,200కి. అక్కణ్ణుంచి మూడు రూపాయలు దాని మీద. ఊళ్ళలో పొలాలు పోయింది ఎక్కువగా ఈ తిరగరాతల్లోనే.

మార్చి: డైలీ ఫైనాన్స్ ఎందుకు పుట్టింది

పుస్తకం వెనక్కి తిప్పితే తెలిసింది. ఆటోకి ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ (బండి ఫిట్‌నెస్ పరీక్ష) ఒకే నెలలో వచ్చాయి. అది ఎవరికీ తెలియని ఖర్చు కాదు, ప్రతి ఏడాదీ అదే నెలలో వస్తుంది. ఏడాదికోసారి వచ్చే ఖర్చుని ఇంట్లో "అనుకోని ఖర్చు" అనడమే రెండో పెద్ద చిల్లు.

అందుకని ఏడాది పద్దు రాశాం. ఆటో ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ, టైర్లు 14,000. బళ్ళు తెరిచే జూన్లో ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు 18,000. సంక్రాంతి 12,000. చదివింపులు, ఊళ్ళో అమ్మవారి సంబరం, పైడితల్లి పండక్కి విజయనగరం చుట్టాలింటికి వెళ్ళిరావడం 15,000. ఇంటి మరమ్మతు 6,000. ఆస్పత్రి 10,000. మొత్తం 75,000, నెలకి 6,250. అంత తియ్యలేరు. చదివింపుల్లో, సంక్రాంతి బట్టల్లో కోసి 54,000కి దింపితే నెలకి 4,500. చదివింపుల దగ్గర కోత కష్టం, వాళ్ళు మనకి పెట్టింది పుస్తకంలో రాసి ఉంటుంది కదా. అయినా అప్పు చేసి చదివించిన వెయ్యి మనకి వెయ్యీ నూటయాభైగా పడుతుంది.

మూడు డబ్బాల్లో ఒకటి దీనికే. రోజూ ఆటో దిగగానే అందులో 150. మిల్లు కూలీ వచ్చిన రోజు ఇంకో 300. డబ్బాలో 2,000 దాటితే బ్యాంకులో విడి ఖాతాలో వెయ్యాలి, ఏటీఎం కార్డు తీసుకోని ఖాతా అయితే మరీ మంచిది. కనీస నిల్వ అక్కర్లేని బేసిక్ సేవింగ్స్ ఖాతా ప్రతి బ్యాంకులోనూ ఉంది, అడిగితే ఇవ్వాలి.

గ్యాసు పద్దు గురించి ఒక్కమాట. దీపం-2 పథకం కింద నాలుగు నెలలకొకటి చొప్పున ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం కానీ, ముందు మనం డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. ఏ ఖాతాలో పడుతుందో చాలామంది చూసుకోరు. ఈ ఇంట్లో అది లోను కంతు కోసుకునే ఖాతా. పడ్డదీ తెలియదు, పోయిందీ తెలియదు.

ఏప్రిల్: శ్రీకాకుళం ఇల్లు

ఇక్కడ చీటీలు లేవు, ప్రోనోట్లు లేవు. అప్పే లేదన్నారు. క్రెడిట్ కార్డు మీద 40,000 ఉంది, దాన్ని అప్పు కింద లెక్కపెట్టలేదు, "మినిమం కట్టేస్తున్నాం కదా" అని. బ్యాంకులో లక్ష ఎఫ్‌డీ ఉంది, దాన్ని ముట్టుకోకూడదు, పాప కోసం.

కార్డు వడ్డీ నెలకి 3.5 శాతం, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, వెరసి నూటికి నెలకి 4 రూపాయల 13 పైసలు. పలాసలో ఉన్న ప్రోనోటు కన్నా ఎక్కువ. 40,000 మీద నెలకి 1,652. మినిమం డ్యూ 5 శాతం, అంటే 2,000 కడితే అందులో అసలుకి పోయేది 348. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన దానికి ఆ 45 రోజుల వెసులుబాటు ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ. ఇది తెలియక పెట్రోలు, సరుకులు కూడా కార్డు మీదే లాగుతున్నారు.

ఎఫ్‌డీ 6.5 శాతం, అంటే 54 పైసలు. 54 పైసలు తెచ్చే లక్షని దాచుకుని, నాలుగు రూపాయల అప్పు మోస్తున్నారు. "పొదుపు ముట్టుకోకూడదు" అన్నది మంచి అలవాటే, అప్పు లేనివాళ్ళకి. ఎఫ్‌డీ చెరపడం ఇష్టం లేకపోతే దాని మీదే లోను తీసుకోవచ్చు, సాధారణంగా ఎఫ్‌డీ రేటు మీద ఒక శాతం ఎక్కువ. 7.5 శాతం అనుకుంటే 40,000కి నెలకి 250. కార్డుకి పోయే 1,652తో పోల్చండి. ఆ రోజే ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టి కార్డు మొత్తం కట్టేశారు. తర్వాతి బిల్లులో ఇంకా ఏడెనిమిది వందలు వడ్డీ వస్తుంది, కంగారు పడక్కర్లేదు. బిల్లు తేదీకీ కట్టిన తేదీకీ మధ్య రోజుల వడ్డీ అది. అది కూడా పూర్తిగా కట్టాకే లెక్క సున్నా అవుతుంది. కార్డులో ఆటోపే ఉంటే "మినిమం" నుంచి "మొత్తం"కి మార్చాలి.

మున్సిపల్ ఇంటి పన్ను ఏడాదిదంతా ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గుతుంది. ఇంటి ఓనరుకి చెప్పమన్నాం.

మే

ఏసీ నెల. ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు మీద రెండు తప్పుడు నమ్మకాలున్నాయి. ఒకటి, శ్లాబు దాటితే మొత్తం యూనిట్లకీ పెద్ద రేటు పడుతుందని. ఇప్పుడలా లేదు. మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆ పైన 9.75. ఏ మెట్టు యూనిట్లకి ఆ మెట్టు రేటే. రెండోది దీనికి తిరగబడ్డ తప్పు: మొత్తం బిల్లుని యూనిట్లతో భాగించి "యూనిట్ ఆరు రూపాయలే" అనుకోవడం. 200 యూనిట్ల ఇంట్లో రాత్రి 5 గంటల ఏసీకి నెలకి 150 యూనిట్లు కలిస్తే, ఆ 150లో 25 మాత్రమే ఆరు రూపాయలవి, 125 యూనిట్లు 8.75వి. ఏసీ ఖర్చు 1,244, ఇతర ఛార్జీలు కాకుండా. 24 దగ్గర పెట్టిన దాన్ని 26కి పెంచితే, డిగ్రీకి 6 శాతం అన్న బీఈఈ లెక్క ప్రకారం నెలకి నూటయాభై దాకా తగ్గుతుంది. ఇంతకు మించి కరెంటు మీద తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

ఈ నెల ముఖ్యమైన పని వేరే ఉంది. రెండిళ్ళలోనూ సంపాదించేవాళ్ళకి సరిపడా బీమా లేదు. కేంద్ర ప్రభుత్వ జీవిత బీమా పీఎంజేజేబీవై ఏడాదికి 436, ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు, చేరే వయసు 18 నుంచి 50. పీఎంఎస్‌బీవై ఏడాదికి 20, ప్రమాదంలో పోతే 2 లక్షలు, 18 నుంచి 70. పాలసీ ఏడాది జూన్ 1 నుంచి మే 31. డబ్బు మే ఆఖర్న ఖాతాలోంచి తానే కోసుకుంటుంది. అప్పుడు ఖాతాలో 456 లేకపోతే పాలసీ ఆగుతుంది, ఎవరూ ఫోను చేసి చెప్పరు. మే 20కే ఖాతాలో 500 వేసి పెట్టాలి. ఆటో నడిపే ఇంట్లో ఇది లేకపోవడం మిగిలిన లెక్కలన్నిటికన్నా పెద్ద లోటు.

శ్రీకాకుళం ఇంట్లో బీమా ఉందన్నారు, చూస్తే 20 ఏళ్ళ ఎండోమెంట్ (బీమా, పొదుపు కలిపిన) పాలసీ, ఏడాదికి 30,000. మనిషి పోతే వచ్చేది 6 లక్షల చిల్లర, ఏడాది జీతానికి కొంచెం ఎక్కువ. గడువు తీరాక 10.4 లక్షలు వస్తుందనుకున్నా అది 5 శాతమే, అంటే 42 పైసల వడ్డీ. అదే 30,000 పీపీఎఫ్‌లో 7.1 శాతం చొప్పున 20 ఏళ్ళు నడిస్తే 13.3 లక్షలు. "ఏమీ కాకపోతే డబ్బు తిరిగిరాదు" అని టర్మ్ పాలసీ వద్దంటారు. ఆటో ఇన్సూరెన్స్ డబ్బు తిరిగి రావాలని ఎవరూ అడగరు మరి. అయితే ఉన్న పాలసీని కోపంతో రద్దు చెయ్యకూడదు. సరెండర్ చేస్తే ఎంత, ఇకపై కట్టకుండా పెయిడప్ చేస్తే గడువుకి ఎంత, రెండూ బ్రాంచిలో రాయించుకుని తెచ్చి పక్కపక్కన పెట్టాలి. మూడొంతులు కట్టేసిన పాలసీ అయితే చాలాసార్లు నడపడమే మేలు.

పాపకి ఏడేళ్ళు. పదేళ్ళు నిండేలోపు సుకన్య ఖాతా తెరవాలి. ఏడాదికి కనీసం 250, గరిష్ఠం 1.5 లక్షలు. రేటు 8.2 శాతం, అంటే 68 పైసలు. వడ్డీ లెక్కకి 5వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న కనీస నిల్వ చూస్తారు కాబట్టి 5 లోపు కట్టాలి. జీతం ఒకటిన పడే ఇంట్లో 6న కట్టడానికి బద్ధకం తప్ప కారణం ఉండదు.

శ్రావణం: బంగారం

శుక్రవారం నాడు 20 గ్రాముల గొలుసు కొనాలని శ్రీకాకుళం ఇంట్లో చర్చ. "బంగారం కొంటే ఖర్చు కాదు, దాచినట్టే" అంటారు. గ్రాము 10,000 అనుకుని బిల్లు వేద్దాం. బంగారం 2,00,000. తరుగు 14 శాతం, 28,000. మొత్తం మీద జీఎస్టీ 3 శాతం, 6,840. కట్టేది 2,34,840. మర్నాడే అమ్మినా వచ్చేది రెండు లక్షల లోపే. బంగారం ధర 17 శాతం పైన పెరిగితే తప్ప పెట్టిన డబ్బు పుట్టదు. వేసుకోవడానికి కొంటే కొనండి, అది సరదా పద్దులో పడాలి. దాచడానికే అయితే నగ వద్దు.

కొట్లో చూడాల్సినవి: బిల్లులో స్థూల బరువు, రాళ్ళ బరువు, నికర బంగారం బరువు విడివిడిగా ఉండాలి. రాళ్ళని బంగారం రేటుకి తూచకూడదు. 22 క్యారెట్లయితే 916 ముద్ర, బీఐఎస్ గుర్తు, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ. ఆ కోడుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే నగ వివరాలు వస్తాయి. తరుగు బేరం ఆడేదే, శాతం మీద ఆడాలి. "రెండువేలు తగ్గించాం" అంటే ఏమీ అర్థం కాదు.

నెలనెలా కట్టే నగల స్కీములు పదకొండు నెలలే ఎందుకుంటాయో చాలామందికి తెలియదు. సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సు 365 రోజులు దాటితే కంపెనీల చట్టం ప్రకారం డిపాజిట్ కింద లెక్క. అందుకే అది ఏడాది లోపే తీరిపోవాలి. బ్యాంకు డిపాజిట్‌కి 5 లక్షల దాకా ఉన్న బీమా దీనికి లేదు. కొట్టు మూతపడితే చేతిలో పాస్‌బుక్ మిగులుతుంది. "తరుగు లేదు" అన్న చోట కింద చిన్నక్షరాలు చదవండి, ఫలానా శాతం వరకే అని ఉంటుంది.

సెప్టెంబరు: స్థలం

భోగాపురం దాటాక ఒక ప్లాటు, 12 లక్షలు. "ఎయిర్‌పోర్టు దగ్గర, ఇంక తిరిగి చూడక్కర్లేదు" అని తెలిసినవాళ్ళు చెప్పారట. చేతిలో ఆరు, రూపాయి వడ్డీకి ఆరు తెద్దామని శ్రీకాకుళం ఇంటి ఆలోచన. రిజిస్ట్రేషను మొత్తం 7.5 శాతం, 90,000. వడ్డీ ఏడాదికి 72,000, ఐదేళ్ళకి 3.6 లక్షలు. అంటే ఐదేళ్ళ తర్వాత 16.5 లక్షలకి అమ్ముడైతే లాభమూ లేదు, నష్టమూ లేదు. మన ఆరు లక్షలకి ఐదేళ్ళ వడ్డీ ఇందులో కలపలేదు. స్థలం ధర పెరగడం వేరు, ఆ ధరకి కొనేవాడు దొరకడం వేరు. లేఅవుట్ అనుమతి నంబరు, ఈసీ, లింకు దస్తావేజులు, 22-ఏ నిషేధిత జాబితా చూడకముందే అడ్వాన్సు ఇవ్వద్దని రాసిపెట్టాం. నాలుగూ అడిగేసరికి ఏజెంటు ఫోన్లు తగ్గాయి.

అక్టోబరు: దసరా ఆఫర్లు

టీవీ 30,000, నో కాస్ట్ ఈఎంఐ, ఆరు నెలలు, 5,000 చొప్పున. వడ్డీ లేదు కదా అని సంబరం. అదే టీవీకి రొక్కం ఇస్తే ఎంత అని అడిగితే 27,500 అన్నారు. ప్రాసెసింగ్ ఫీజు 199, జీఎస్టీతో 235. చేతిలో రొక్కం ఉన్నవాడు 27,500కి తీసుకెళ్ళే వస్తువుకి మనం 30,235 కడుతున్నాం. నూటికి నెలకి 2 రూపాయల 80 పైసలు. కొట్లో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "ఇప్పుడే మొత్తం ఇచ్చేస్తే ఎంతకిస్తారు?" రెండు ధరలూ ఒకటే అయితే ఈఎంఐ తీసుకోవచ్చు, ఫీజు చూసుకుని.

ఈ నెలలోనే పలాస ఇంట్లో బావగారి లోనుకి హామీ సంతకం అడిగారు. "సంతకమే కదా" అన్నది రాసిపెట్టుకోవాల్సిన మాట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, హామీదారుకి అప్పుదారుతో సమానంగా బాధ్యత. బ్యాంకు ముందు ఆయన్నే అడగాలనేం లేదు. కట్టగలిగే మొత్తానికే సంతకం పెట్టాలి.

నవంబరు

పలాసలో చీటీ తీరిపోయింది. నెలకి 4,300 ఖాళీ. డైలీ ఫైనాన్స్ వంద రోజులకి అయిపోయాక మళ్ళీ ఎత్తలేదు, అక్కడ 3,000. ప్రోనోటు మార్పిడిలో 900. కొత్త చీటీ మొదలవుతోందని నిర్వాహకురాలు రెండుసార్లు వచ్చి వెళ్ళింది, "వదినా, ఒక పేరు ఖాళీగా ఉంది" అని. ఖాళీ అయిన కంతు ఇంట్లో వారం కూడా ఖాళీగా ఉండదు, ఎవరో ఒకరు దాన్ని పసిగడతారు.

ఆ 4,300కి ముందే చోటు పెట్టాం. 2,800 బంగారం లోను అసలుకి, ప్రతి నెలా. లక్ష మీద వడ్డీ మాత్రమే కట్టి ఏడాదికోసారి తిరగరాయించే అలవాటు దీంతో ఆగాలి. అసలులో కొంత కట్టి కొన్ని నగలు విడిపించుకోనిస్తారా అని బ్రాంచిలో అడగాలి. విడివిడి లోన్లుగా పెట్టి ఉంటే ఒక్కోటి విడిపించడం తేలిక, అన్నీ ఒకే లోనులో ఉంటే ఆఖరి రూపాయి దాకా ఆగాల్సిందే. గాజులు విడి లోను కాబట్టి ముందు అవే. మిగిలిన 1,500 కాశీబుగ్గ పోస్టాఫీసులో ఆర్‌డీకి, 6.7 శాతం, ఐదేళ్ళు. 15వ తేదీ లోపు తెరిస్తే ప్రతి నెలా 15 లోపు కట్టాలి. తప్పితే వందకి రూపాయి జరిమానా.

డిసెంబరుకి మిగిలిన పనులు: గ్రూపు లోను పాస్‌బుక్‌లో కట్టిన కంతులకీ పుస్తకంలోని పద్దులకీ పోలిక. రెండిళ్ళ సిబిల్ రిపోర్టులు, ఏడాదికొకటి ఉచితం. తీరిన అప్పులు అక్కడ కూడా తీరినట్టు పడ్డాయో లేదో చూడాలి. ఆటో లోను తీరాక ఎన్‌వోసీ (తమకి అభ్యంతరం లేదన్న కాగితం) అడగాలి, అది లేకుండా ఆర్‌సీలో ఫైనాన్స్ వాళ్ళ పేరు పోదు.